ఆదోనిలో పాత మిద్దె తీసేసి కొత్త ఇల్లు కడుతున్నాం, పక్కింటి మట్టి గోడకు ఆనించి గోడ లేపొచ్చా?

మిద్దెఇల్లు_ఆదోని:

అందరికీ నమస్కారం. మాది కర్నూలు జిల్లా ఆదోని, పాత ఊరి వైపు. తాత కట్టిన రాతి మిద్దె పోయిన నెల తీసేశాం, అదే జాగాలో కింద ఒక పోర్షన్, పైన ఒకటి వేద్దామని. జాగా రెండున్నర సెంట్లు, దస్తావేజులో 33 అడుగులకు 33 అడుగులు అని స్పష్టంగా ఉంది.

చిక్కు ఉత్తరం వైపు. అక్కడ పెద్దమ్మ ఇల్లు (చుట్టం కాదు, చిన్నప్పటి నుంచి అలాగే పిలుస్తాం, ఇప్పుడు ఒక్కతే ఉంటుంది). మా పాత ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒకటే గోడ, రాళ్ళు మట్టితో పేర్చి కట్టింది. మా ఇల్లు తీసినా ఆ గోడ అలాగే ఉంచాం, ఎందుకంటే ఆమె మిద్దె దూలాలు దాని మీదే ఉన్నాయి. మొన్న మేస్త్రి ముగ్గు పోయడానికి వచ్చి టేపు పడితే ఆ గోడ నుంచి దక్షిణం హద్దు రాయి వరకు 32 అడుగుల 4 అంగుళాలే వచ్చింది. 8 అంగుళాలు తక్కువ. "వాళ్ళు మీ జాగాలోకి వచ్చినారు, గోడకు ఆనించి బునాది తీద్దాం, ఏమీ కాదు" అంటాడు మేస్త్రి. నాన్నేమో ఒక్క అంగుళం కూడా వదలొద్దు అంటాడు.

నిన్న సాయంత్రం పెద్దమ్మ మా జాగా దగ్గరికి వచ్చి ఆ ముగ్గు గీత చూసి "నా మిద్దె కూలితే నన్ను యాడుండమంటావు నాయనా" అంది. రాత్రంతా నిద్ర లేదు. నేల నల్లరేగడి, ఎండాకాలం చెయ్యి పట్టేంత పగుళ్ళు వస్తాయి. ఇంకోటి, వెనక మా పెరడు ఉండే చోట ఆమె వంటింటి కిటికీ మా వైపే ఉంది, నేను పుట్టకముందు నుంచీ ఉంది. కొత్త ప్లాన్‌లో అది మూసుకుపోతుంది. ఏం చేయమంటారు? పని ఆపేశాను, బేల్దారులు రోజూ ఫోన్ చేస్తున్నారు, టెన్షన్‌గా ఉంది.

సీమబిడ్డ77:

దస్తావేజులో 33 ఉంటే 33 నీదే బ్రో. సర్వే పెట్టించి 8 అంగుళాలు లాగేసుకో. ఈరోజు జాలిపడి వదిలితే రేపు ఆమె కొడుకులు వచ్చి అది మాదే అంటారు, మా వీధిలో చూశాను.

గొలుసు_కొలత:

తమ్ముడూ, తొందరపడి ఎవరినీ అనుమానించొద్దు. నేను చాలా ఏళ్ళు సర్వే పనిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా. 33 అడుగులు అంటే భూమి కొలిచే సర్వే గొలుసులో సరిగ్గా సగం. గొలుసు 66 అడుగులు, వంద లింకులు. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. 33ని 33తో గుణిస్తే 1089, అంటే కచ్చితంగా రెండున్నర సెంట్లు. కాబట్టి మీ దస్తావేజు ఏదో ఉజ్జాయింపుగా రాసింది కాదు, కొలిచి రాసిందే. మరి 8 అంగుళాలు ఎక్కడికి పోయాయి?

మధ్య గోడ మందం కొలిచారా? పాత ఇళ్ళ దస్తావేజుల్లో ఉమ్మడి గోడ ఉంటే కొలత గోడ నడిమధ్య నుంచి రాయడం మామూలే. ఆ గోడ 16 అంగుళాలు ఉంటే సగం 8. మీ మేస్త్రి గోడ ముఖం నుంచి టేపు పట్టాడు, దస్తావేజు గోడ నడుమ నుంచి లెక్కేసి ఉంటుంది. అదే నిజమైతే ఎవరూ ఎవరి జాగాలోకీ రాలేదు.

ఇంకో మాట. పాత ఊరు గ్రామకంఠంలో (ఊరి ఇళ్ళ కోసం వదిలిన జాగాలో) ఉంటే ఎఫ్‌ఎంబీలో, అంటే సర్వే శాఖ కొలతల పుస్తకంలో, ఇంటింటి కొలతలు దొరకవు, ఊరంతా ఒకే ముక్కగా ఉంటుంది. అప్పుడు దస్తావేజులే దిక్కు. మీది ఒక్కటే చూస్తే చాలదు, పెద్దమ్మ దస్తావేజులో చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దుల వివరం) చూడండి, దక్షిణం వైపు ఏమని రాశారో. విస్తీర్ణానికీ చెక్కుబందీకీ పొంతన కుదరకపోతే మామూలుగా కోర్టు చెక్కుబందీకే విలువిస్తుంది. సర్వేయర్‌ని పిలవాలంటే సచివాలయంలోనో మీసేవలోనో అర్జీ పెట్టండి, కానీ పక్కవాళ్ళు ఇంట్లో ఉన్న రోజే కొలిపించండి. వాళ్ళు లేనప్పుడు కొలిస్తే ఆ కొలత ఎంత సరైనదైనా గొడవ తీరదు.

మిద్దెఇల్లు_ఆదోని:

సార్, మీ కాళ్ళకు దండం. ఇందాకే కొలిచాను. వీధి వైపు మా పాత గోడ విడిపోయిన చోట దాని అడ్డకోత కనిపిస్తుంది, లోపల ఎర్రమట్టి, రెండు వైపులా రాళ్ళు, పైన సున్నం పొరలు పొరలుగా. సున్నం గీకేసి టేపు పెడితే 16 అంగుళాలు. సరిగ్గా 16.

పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి అడిగాను, భయపడుతూనే. ఇనప పెట్టె తీసి పాత చీర ముక్కలో చుట్టిన దస్తావేజు ఇచ్చింది. మడతల దగ్గర కాగితం చిరిగిపోయింది, ఊపిరి బిగబట్టి విప్పాను. "దక్షిణం: ఇరువురికి చెందిన ఉమ్మడి గోడ" అని ఉంది. నాన్నకు చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు, కానీ ఆ మేస్త్రి మాట మళ్ళీ ఎత్తలేదు.

మరి గోడలో సగం మాదే కదా, ఆ సగం మీద నుంచి మా గోడ లేపొచ్చా?

అనంత_సివిల్:

వద్దన్నా, దయచేసి ఆ గోడ మీద బరువు పెట్టొద్దు, చెక్కొద్దు కూడా. మట్టితో పేర్చిన రాతి గోడలో సగం మీది సగం ఆమెది అని కాగితం మీదే. రెండు ముఖాలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడి ఉంటాయి, ఒక ముఖం తీస్తే ఇంకోటి ఉబ్బి పడుతుంది.

నేను అనంతపురంలో సివిల్ ఇంజనీర్‌ని. ఇలాంటి సైట్లలో అందరూ పైన గోడ ఎక్కడ వస్తుందో చూస్తారు, అసలు సమస్య నేల కింద ఉంటుంది. లెక్క చూడండి: 9 అంగుళాల గోడకు సైజు రాయితో 30 అంగుళాల వెడల్పు పునాది వేస్తారనుకుందాం. 30లోంచి 9 తీస్తే 21, అందులో సగం పదిన్నర. గోడకు అటూ ఇటూ పదిన్నర అంగుళాల చొప్పున పునాది బయటికి వస్తుంది. మీ మేస్త్రి అన్నట్టు ఆనించి కడితే ఆ పదిన్నర అంగుళాలు ఎక్కడికి పోతాయి? పెద్దమ్మ గోడ కిందికి. ఆ పాత గోడల పునాదులు పెద్ద లోతు ఉండవు, మీరు నల్లరేగడి దాటి గట్టి నేల తగిలేదాకా తవ్వుతారు, అంటే ఆమె గోడ అడుగుకంటే మీ గుంత లోతు. ఆ గుంతలో ఒక్క వాన నీళ్ళు నిలిస్తే చాలు. రేగడి నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది, కింద నుంచి ఆసరా పోయిన మట్టి గోడ దాన్ని తట్టుకోదు.

నా సలహా, ఆ వైపు కాలమ్స్‌ని లోపలికి జరపండి. జాగా తప్పదంటే కాలమ్ లోపల పెట్టి, దాని ఫుటింగ్‌ని (కాలమ్ కింది పునాది దిమ్మెని) లోపలి వరస ఫుటింగ్‌తో స్ట్రాప్ బీమ్ అనే అడ్డ దూలంతో కలిపి, ప్లింత్ బీమ్ (ఇంటి అరుగు ఎత్తున వచ్చే దూలం) ముందుకు చాపి దాని మీద గోడ లేపొచ్చు. కానీ అది డిజైన్ చేసి వేయాల్సింది, మేస్త్రి అంచనాతో కాదు. లేదా అండర్‌రీమ్డ్ పైల్స్ (సన్నటి లోతు బోరు వేసి, అడుగున వెడల్పు చేసి పోసే కాంక్రీటు స్తంభాలు), నల్లరేగడికి అవి బాగా పనిచేస్తాయి, వెడల్పాటి గుంత తవ్వే పనే ఉండదు. గుంత తవ్వాల్సి వస్తే ఒక్కసారి వరసంతా తవ్వొద్దు. నాలుగు అడుగులు తవ్వి, కాంక్రీటు వేసి పూడ్చి, మధ్యలో నాలుగు అడుగులు వదిలి ఆ పక్కది తవ్వండి. వానలు మొదలుకాకముందే నేల పని అయిపోవాలి.

ఇంకా చిన్నవి రెండు, ఎవరూ చెప్పరు. క్యూరింగ్ నీళ్ళు ఆమె గోడ వైపు పారకుండా చూడండి, రోజూ పైపు పెట్టి తడిపితే మట్టి గోడ అడుగు మెత్తబడుతుంది. రెండోది, పని మొదలుపెట్టే ముందే ఆమె ఇంట్లోకి వెళ్ళి ఉన్న పగుళ్ళన్నీ తేదీతో ఫోటోలు తీసి, పెద్ద పగుళ్ళ మీద సన్నటి గాజు ముక్క అడ్డంగా సిమెంటుతో అతికించండి. గోడ కదిలితే గాజు పగులుతుంది, వెంటనే పని ఆపొచ్చు. ఇది మీకూ రక్షణే, పాత పగులును మీ మీద వేయకుండా.

కడప_అక్క:

ఇంజనీర్ గారు చెప్పింది నిజం, నేను అనుభవించి చెప్తున్నా తమ్ముడూ. మాది కడప. 12 ఏళ్ళ కింద మేం కూడా జాగా వదలకూడదని పక్కింటి గోడకు మూడు అంగుళాల ఎడం పెట్టి గోడ లేపాం. ఆ మూడు అంగుళాల్లో సారవ కట్టలేరు, చెయ్యి దూరదు, బయటి ముఖానికి ప్లాస్టరింగ్ లేకుండా ఇటుక ఇటుకలాగే ఉండిపోయింది. పై నుంచి ఆకులు, సిమెంటు పెళ్ళలు, ఎలుకలు లాక్కొచ్చిన చెత్త అంతా అందులో పడి అడుగున గడ్డకట్టింది. వాన పడితే ఆ చెత్త నెలల తరబడి తడి పట్టుకునే ఉంటుంది. లోపల మా పిల్లల గది గోడ మంచం ఎత్తు వరకు ఎప్పుడూ నల్లగా, వేలితో నొక్కితే పెయింటు పొట్టులా చేతికి వస్తుంది. మూడుసార్లు పుట్టీ పెట్టించాం, వాటర్‌ప్రూఫ్ కొట్టించాం, లోపల ఎన్ని చేసినా తడి వచ్చేది బయట నుంచి కదా. చిన్నదానికి ప్రతి వానాకాలం దగ్గు. ఇప్పుడు ఆ గది సామాన్లకే.

మనిషి నడిచేంత వదులు. మోటారు, పైపులు, గ్యాస్ సిలిండరు అన్నీ ఆ సందులోనే పెట్టుకోవచ్చు. ఆ కిటికీ కూడా మూయొద్దమ్మా. ఒంటరిగా ఉండే మనిషికి వంటింట్లో వెలుతురు తీసేస్తే ఆమె పగలంతా లైటు వేసుకుని కూర్చోవాలి.

సివిల్_కోర్టు_దారి:

కిటికీ గురించి చట్టం మాట కూడా వినండి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ (పక్కవాళ్ళ ఆస్తి మీద ఉండే వాడుక హక్కుల) చట్టం 15వ సెక్షన్ ప్రకారం 20 ఏళ్ళు అడ్డంకి లేకుండా, ప్రశాంతంగా ఒక ఇంటికి వస్తున్న గాలీ వెలుతురూ హక్కు అవుతాయి. ఆమె ఇంటికి మీ నేల ఇస్తున్న ఆసరా కూడా అంతే. మీరు మూసేస్తే ఆమె ఇంజంక్షన్‌కి (పని ఆపమనే కోర్టు ఆర్డర్‌కి) వెళ్ళొచ్చు, కోర్టు అడ్వకేట్ కమిషనర్‌ని (కోర్టు తరఫున చూసి వచ్చే లాయర్‌ని) వేసి కొలతలు తీయిస్తుంది, అప్పటిదాకా మీ గోడ అక్కడే ఆగుతుంది. మూడు అడుగులు వదిలితే ఆ ప్రశ్నే రాదు.

సీమబిడ్డ తమ్ముడు అన్న దాంట్లో ఒక భాగం సరైనదే, రేపటి గురించి. అందుకే నోటిమాటతో వదలకండి. ఉమ్మడి గోడ నడిమి గీతే హద్దు అని, దానికి దక్షిణంగా వదిలిన సందు మీదేనని, గోడ రెండు చివర్లా ఆ నడిమి గీత మీద రాళ్ళు పాతి, ఇద్దరూ సంతకాలు పెట్టి కాగితం రాసుకోండి. స్థిరాస్తిలో హక్కు మారే రాత ఏదైనా ఉంటే అది రిజిస్టర్ చేయించాలి, ముసాయిదా ఒకసారి లాయర్‌కి చూపించండి. మున్సిపాలిటీ ప్లాన్ కూడా మర్చిపోవద్దు. మీది 101 చదరపు మీటర్ల జాగా, పక్కలకు ఎంత వదలాలనేది ప్లాటు సైజును, ఎత్తును, ముందు రోడ్డును బట్టి 2017 బిల్డింగ్ రూల్స్‌లో ఉంది. ముగ్గు పోయకముందే ప్లాన్ వేసే మనిషిని అడగాల్సింది.

సీమబిడ్డ77:

సరే, ఒకటే గోడ అని తెలీక అలా అన్నాను. రాయించుకో మాత్రం.

మిద్దెఇల్లు_ఆదోని:

అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా కడప అక్కకు. మీ పోస్టు అమ్మకు చదివి వినిపిస్తే అమ్మే నాన్నతో మాట్లాడింది. మూడు అడుగులు వదిలితే 99 చదరపు అడుగులు, 11 గజాలు. మొదట నాన్న ముఖం చిన్నబోయింది. మోటారు, మెట్ల కింద ట్యాంకు పైపులు అన్నీ అటు వైపు వేస్తే హాలు పెద్దదవుతుందని కొత్త ప్లాన్ గీసి చూపించాక ఒప్పుకున్నాడు. పాత ముగ్గు గీత తనే కాలితో చెరిపేశాడు. ఆ వైపు కాలమ్స్ లోపలికి జరిగాయి, కిటికీ అలాగే ఉంటుంది.

వచ్చే సోమవారం సర్వేయర్ వస్తాడు, పెద్దమ్మ కొడుకు కూడా ఆరోజు బళ్ళారి నుంచి వస్తానన్నాడు. నడిమి గీత రాళ్ళు ఆయన ముందే పాతుతాం, కాగితం కూడా ఆరోజే. ఈరోజు పొద్దున పెద్దమ్మ ఇంట్లో ఫోటోలు తీసి మూడు చోట్ల గాజు ముక్కలు అతికించాం. ఒకటి దేవుడి గూటి పక్కన. ఆమె ప్రతి రోజూ దీపం పెట్టేటప్పుడు దాన్ని చూసి చెప్తానంది.