మౌంట్ ఐసా రోడియోలో స్టాల్ పెడదామంటున్నారు మా ఆయన, ఏం సరుకు పట్టుకెళ్ళాలి?

టౌన్స్‌విల్ తెలుగమ్మాయి:
అందరికీ నమస్తే అండి. మేం ఆస్ట్రేలియాలో టౌన్స్‌విల్‌లో ఉంటాం, ఆదివారాలు కాటర్స్ మార్కెట్‌లో చిన్న స్టాల్ పెడుతుంటాం, టోపీలు, లెదర్ బెల్టులు, టీషర్టులు, కీచైన్లు, ఇంకా ఊర్నుంచి తెప్పించిన ఏటికొప్పాక బొమ్మలు కొన్ని. ఇప్పుడు మా ఆయన ఆగస్టులో మౌంట్ ఐసా రోడియోకి వెళ్దాం అక్కడ ఒక్క వీకెండ్‌లో మూడు నెలల బేరం అయిపోతుంది అని పట్టుకు కూర్చున్నారు. ఎవరు చెప్పారో ఏంటో. నాకు రోడియో అంటే ఎద్దు మీద ఎనిమిది సెకన్లు కూర్చోవాలి, ఈలోపే చాలామంది కింద పడతారు అన్నంతవరకే తెలుసు. ఇక్కడ్నుంచి దగ్గర దగ్గర 900 కిలోమీటర్లు, వ్యాన్ అద్దెకి తీసుకోవాలి, స్టాల్ ఫీజు వేరే, పైగా సరుకు మిగిలితే మళ్ళీ అంతదూరం మోసుకు రావాలి. ఎవరైనా పెట్టినవాళ్ళుంటే ఏం అమ్ముడవుతాయో, కార్డు మెషిన్ పనిచేస్తుందో లేదో చెప్పండి ప్లీజ్. సాయానికి మా మరిదిని తీసుకెళ్దామనుకుంటున్నాం, ఇక్కడే యూనివర్సిటీలో చదువుతున్నాడు.

ఎర్రదుమ్ము:
అక్కా, నేను పెట్టిన అక్కడ. బావ చెప్పింది మొత్తం అబద్ధం కాదు గానీ మొత్తం నిజం కూడా కాదు. మొదలు ఒక్క సంగతి సమజ్ చేస్కో, కాటర్స్‌ల మీ దగ్గర కొనేటోళ్ళు టూరిస్టులు, టోపీ లేకుండ వస్తరు, ఎండ తగుల్తది, టోపీ కొంటరు. రోడియోకి వచ్చేటోళ్ళల్ల సగం మంది స్టేషన్ల మీద పనిచేసేటోళ్ళు, అంటే రైల్వే స్టేషన్ కాదు, వేల పశువులు మేపే ఫారాలు. ఆళ్ళ నెత్తి మీద అక్యూబ్రా, అంటే ఇక్కడి పేరున్న కంపెనీ టోపీ, ముందే ఉంటది, నీ ఇరవై డాలర్ల టోపీ దిక్కు చూడరు కూడా. బ్రిస్బేన్ నుంచో టౌన్స్‌విల్ నుంచో వచ్చినోళ్ళు కొంటరు, ఇంకా ఎక్కువ పిల్లల సైజు పోతయి, పిల్లలకి టోపీ పెట్టి ఫొటో తీసుకోని తల్లిదండ్రి ఉండరు. అందుకని పెద్దల టోపీలు తగ్గించు, పిల్లలయి పెంచు.

పెద్దలయి తీస్కపోతే ముదురు రంగులే. తెల్లది, క్రీమ్ కలర్ది పెట్టినవనుకో, ప్రతి ఒక్కడు ఎర్రమట్టి చేతులతోని పట్టుకొని నెత్తి మీద పెట్టి చూస్తడు, సాయంత్రానికి టోపీ మీద వేలిముద్రలు కనవడ్తయి, ఇగ అది డిస్కౌంట్‌కి తప్ప పోదు. సైజు పెద్దగైతే లోపలి పట్టీ వెనక దూర్చడానికి ఫోమ్ ముక్కలు దొరుకుతయి చూడు, అవి ఒక డబ్బా పెట్టుకో. 59 సైజు అయిపోయినా 60 టోపీల ఫోమ్ పెట్టి అమ్మొచ్చు. టీషర్టులు హ్యాంగర్‌కి డిజైన్‌కి ఒక్కటే వేలాడదీయి, మిగతాయన్ని కవర్లల్లనే ఉంచు, లేకుంటే మొదటిరోజుకే నల్లటివి గోధుమరంగుకి వస్తయి.

అసలు పైసలు ఎక్కడంటే చలిల. ఆగస్టుల పగలు 28 దాక పోతది, అందరు షార్ట్స్‌ల వస్తరు, రాత్రి 10కి అటు ఇటు పడ్తది, బుల్ రైడ్ ఏమో లైట్ల కింద రాత్రి ఉంటది. ఏడు దాటినంక నా స్టాల్‌ల హూడీలు పోయినట్టు ఇంకేది పోలే. టీషర్టు ఎంత డిజైన్ చేసినా ఆ టైంకి ఎవనికీ వద్దు. బీనీలు అంటే ఊలు టోపీలు, మందపు సాక్సులు, చిన్న ఫ్లీస్ దుప్పట్లు కూడా పెట్టు. పక్క స్టాలాయన మొత్తం సింగ్లెట్లు, అంటే చేతుల్లేని బనియన్లు తెచ్చిండు, రాత్రంతా కుర్చీల కూసొని నా హూడీ కొనుక్కొని ఏస్కున్నడు.

ఇంకోటి స్టబ్బీ హోల్డర్లు, బీరు డబ్బాకి తొడిగే రబ్బరు తొడుగు లెక్కుంటది కదా, 375 మిల్లీ డబ్బాకి సరిపోయేది. బరువు లేదు, పగిలేది లేదు, మూడు కలిపి ఒక రేటు పెట్టు.

ఐసా నర్సు:
నేను ఇక్కడే హాస్పిటల్‌లో పనిచేస్తున్నానండి, మాది అనకాపల్లి వైపు కాబట్టి ఏటికొప్పాక మాట చూసి ఆగిపోయాను 😊 కానీ ఆ బొమ్మలు మాత్రం రోడియోకి తేవద్దు, ఆ దుమ్ములో, ఆ తాగినవాళ్ళ మధ్యలో వాటిని ఎవరూ ఆగి చూడరు, కాటర్స్‌లోనే ఉంచండి.

మా ఊళ్ళో రోడియో 1959 నుంచి జరుగుతోంది, ఆ వారం ఊరు ఊరులా ఉండదు, మన తీర్థమే అనుకోండి. బుకానన్ పార్క్‌లో జరుగుతుంది. మీరు ముందు చూసుకోవాల్సింది సరుకు కాదు పడుకోడానికి చోటు. మోటల్ రూములు ముందే అయిపోతాయి, జూలైలో వెతుకుతానంటే దొరకవు. చాలామంది స్టాల్ వాళ్ళు క్యాంపింగ్ చేస్తారు, స్వాగ్, అంటే చుట్టి పెట్టుకునే క్యాంపింగ్ పరుపు, వేసుకుని పడుకుంటారు, అలా అయితే రాత్రి చలికి మంచి రజాయి తెచ్చుకోండి.

రోడ్డు గురించి కూడా చెప్తా. చార్టర్స్ టవర్స్, హ్యూయెండెన్, రిచ్‌మండ్, జూలియా క్రీక్, క్లాంకరీ, ఇదీ వరస. మధ్యలో చాలాసేపు సిగ్నల్ ఉండదు, ఊరు కనిపించినప్పుడల్లా పెట్రోల్ కొట్టించుకోండి, ఇంకో ఊళ్ళో చూద్దాంలే అనుకోవద్దు. రోడ్ ట్రైన్లని 53 మీటర్ల పొడుగు లారీలు వస్తాయి, ఓవర్‌టేక్ చేయాలంటే ఎదురుగా రోడ్డు చాలా దూరం ఖాళీగా కనిపించాలి, మీ ఆయన తొందర మనిషైతే స్టీరింగ్ మీరు పట్టుకోండి. చీకటి పడ్డాక నడపద్దు, కంగారూలు లైట్లకి ఎదురొస్తాయి. అద్దె వ్యాన్‌వాళ్ళలో కొందరు ఊరు బయట రాత్రిపూట నడిపితే ఇన్సూరెన్స్ వర్తించదని రాస్తారు, అగ్రిమెంట్ చదువుకోండి. రిచ్‌మండ్‌లోనో జూలియా క్రీక్‌లోనో ఆగి పొద్దున్నే బయల్దేరితే హాయి.

లెక్కల మాస్టారు:
బ్రిస్బేన్‌లో అకౌంటెంట్‌ని. స్టాల్ ఇప్పటికే నడుపుతున్నారు కాబట్టి ఏబీఎన్, అంటే వ్యాపార నంబరు, ఉండే ఉంటుంది. ఏడాది టర్నోవర్ 75,000 డాలర్లు దాటితే జీఎస్టీ రిజిస్టర్ అవ్వాలి, లాభం కాదు టర్నోవర్, ఇది చాలామంది తప్పు చదువుకుంటారు. పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ (మీ స్టాల్ వల్ల బయటివాళ్ళకి దెబ్బ తగిలితే ఆదుకునే బీమా) కాగితం లేకుండా ఏ పెద్ద ఈవెంట్‌వాళ్ళూ చోటు ఇవ్వరు, మార్కెట్ కోసం తీసుకున్న పాలసీ దీనికీ వర్తిస్తుందో లేదో, ఎంత మొత్తానికి కావాలంటున్నారో అప్లికేషన్ నింపకముందే అడగండి. కరెంట్ తీసుకుంటే మీ వైర్లకీ లైట్లకీ టెస్ట్ అండ్ ట్యాగ్, అంటే భద్రత పరీక్షించి అంటించిన చీటీ, అడుగుతారు.

ఇక మరిది విషయం. స్టూడెంట్ వీసా అయితే క్లాసులు నడుస్తున్నప్పుడు రెండు వారాలకి 48 గంటలే. ఆగస్టు అంటే సెమిస్టర్ మధ్యలో. అతనికి ఇంకెక్కడైనా పార్ట్‌టైమ్ ఉంటే ఆ గంటలూ ఇవీ కలిపి చూడాలి. మనవాళ్ళు డబ్బులివ్వట్లేదు కదా అది పని కాదు అనుకుంటారు, మామూలుగా జీతం ఇచ్చి చేయించే పని ఊరికే చేసినా పనిగానే లెక్కేస్తారు. కుర్రాడి వీసాతో ఆటలొద్దు.

టౌన్స్‌విల్ తెలుగమ్మాయి:
అబ్బా ఎంత విషయం చెప్పారండీ అందరూ, థ్యాంక్యూ. మరిదికి ఆల్రెడీ సూపర్ మార్కెట్‌లో జాబ్ ఉంది, అయితే వాడిని వదిలేస్తాం. ఇంకో రెండు డౌట్లు. మా ఆయన ఆన్‌లైన్‌లో చూసి రంగురంగుల బూమరాంగ్‌లు, అదే ఇక్కడి ఆదివాసీల విసిరే వంపు కర్రలు, హోల్‌సేల్‌లో తెప్పిద్దాం అంటున్నారు, ఇంకా రోడియో పేరూ ఈ సంవత్సరం డేటూ వేసి మ్యాగ్నెట్లు ప్రింట్ చేయిద్దాం అంటున్నారు. కార్డు మెషిన్ గురించి ఎవరూ చెప్పలేదు?

ఎర్రదుమ్ము:
రెండూ వద్దను. రోడియో పేరు, లోగో ఆళ్ళది, పర్మిషన్ లేకుండ ఏస్తే అదే రోజు తీయిస్తరు, వచ్చే ఏడు చోటు కూడా ఇయ్యరు. పేరు లేకుండ ఎద్దు బొమ్మ, క్వీన్స్‌లాండ్ అవుట్‌బ్యాక్ అనో ఏపిచ్చుకో, సంవత్సరం అసలే ఏయకు, మిగిలినయి క్లాంకరీలనో కాటర్స్‌లనో అమ్ముకోవచ్చు.

బూమరాంగ్‌లైతే అసలే ముట్టకు అక్కా. మౌంట్ ఐసా కల్కడూన్ ఆదివాసీల నేల. రోడియోకి ఆదివాసీ రైడర్లు, వాళ్ళ కుటుంబాలు ఎంతమంది వస్తరో, ఆళ్ళ ముందల బయటి దేశంల చేసిన నకిలీ ఆదివాసీ బొమ్మలు పెట్టి అమ్ముడు ఏం మర్యాద? చట్టం సంగతికొస్తే 2019ల ఒక కంపెనీకి ఫెడరల్ కోర్టు 23 లక్షల డాలర్లు ఫైన్ ఏసింది, ఇండోనేషియాల చేసినయి ఇక్కడి ఆదివాసీలు చేసినట్టు అమ్మినందుకు.

కార్డు మెషిన్ పగలు మంచిగనే నడుస్తది, రాత్రి జనం నిండినంక అందరు వీడియోలు పెడ్తుంటే సిగ్నల్ కూలవడ్తది. నేను రెండు కంపెనీల సిమ్‌లు పెట్టుకుంట, ఒకటి టెల్‌స్ట్రా ఫోన్ కంపెనీది కంపల్సరీ. మెషిన్ల ఆఫ్‌లైన్ మోడ్ ఉంటే చిన్న బిల్లులకే వాడు, ఎందుకంటే తర్వాత కార్డు డిక్లైన్ అయితే ఆ పైసలు నీయే పోతయి, కొన్నోడు అప్పటికే డార్విన్ దార్ల ఉంటడు. చిల్లర ఎక్కువ తీస్కపో, ఐదు, పది నోట్లు. రేట్లన్నీ ఐదుల గుణకాలల్ల పెట్టు, 19.95 లాంటి తలనొప్పి వద్దు.

ఐసా నర్సు:
బుల్ రైడ్ ఫైనల్ నడిచేటప్పుడు స్టాళ్ళ దగ్గర పురుగు ఉండదండి, మీరిద్దరూ భోంచేయాలన్నా టాయిలెట్‌కి వెళ్ళాలన్నా అప్పుడే. అది అవ్వగానే ఒక్కసారిగా మీద పడతారు.

టౌన్స్‌విల్ తెలుగమ్మాయి:
మరి బెల్టులు? అవి మా దగ్గర చాలా ఉన్నాయి.

ఎర్రదుమ్ము:
తీస్కపో, కానీ రంధ్రాలు కొట్టే పంచ్ మర్చిపోకు. అక్కడోళ్ళ నడుములు అయితే మస్తు సన్నం లేకుంటే మస్తు లావు. పెద్ద సైజులు ఎక్కువ పెట్టు. కొన్నోని ముందలనే రంధ్రం కొట్టి ఇస్తే వానితోని ఉన్న ఇద్దరు కూడా కొంటరు. గెజిబోకి, అదే స్టాల్ గుడారానికి, నాలుగు కాళ్ళకి ఇసుక సంచులు కట్టు, నేల రాయి లెక్క ఉంటది, మేకులు దిగయి.