ఆగుంబెలో మూడు రాత్రులు: పాములు, జలగల భయం ఉన్నవాళ్లు ఎలా నెగ్గుకొచ్చారు?

కృష్ణాతీరం:
జూలై మూడో వారానికి కర్ణాటకలో, పడమటి కనుమల అడవుల్లో ఉన్న ఆగుంబెలో ఒక ఇల్లు తీసుకున్నాం. డబ్బు కట్టేశాం. మా వారికి, తొమ్మిదేళ్ల పాపకు వాన అంటే ప్రాణం. నాకేమో తారీఖు దగ్గరపడే కొద్దీ నిద్ర పట్టడం లేదు. నా చిన్నప్పుడు మా మేనత్తను పొలం గట్టు మీద పాము కరిచింది. బతికింది. కానీ ఆ రాత్రి ఏడుపులు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి. ఇప్పటికీ మా ఇంట్లో దీపాలు పెట్టాక పాము అనరు, పురుగు అంటారు.
వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. రాత్రి ఎలా పడుకున్నారు? జలగలకు ఏం చేశారు? పాపకు ఎలాంటి బూట్లు కొనాలి? స్నానాల గది కిటికీకి జాలీ ఉంటుందా? నా భయం పాపకు అంటకుండా ఉండాలంటే ఏం చేయాలి? లక్షలో ఒకరికే జరుగుతుందని లెక్కలు మాత్రం చెప్పకండి. నా భయానికి లెక్కలు తెలియవు.

గోదావరిగట్టు:
జలగకు భయమెందుకమ్మా! మా కోనసీమలో ఊడ్పులకు దిగితే కాలికి నాలుగు పట్టేవి. పలుచటి గుడ్డలో రాళ్లుప్పు మూట కట్టి కర్ర చివర తగిలించుకోండి. జలగకు తాకిస్తే చాలు, ముడుచుకుని రాలిపోతుంది. 2019 ఆగస్టులో ఆగుంబె దగ్గర జోగిగుండి జలపాతానికి నడిచాను. వెళ్లి వచ్చేలోగా 23 జలగలు తీశాను. అన్నీ ఉప్పుతోనే.

తెల్లచీర:
దయచేసి ఉప్పు పెట్టకండి. నేను 11 ఏళ్లుగా నర్సుగా పని చేస్తున్నాను. పట్టుకుని ఉన్న జలగ మీద ఉప్పు, నిప్పు, పొగాకు ఏది పెట్టినా అది కడుపులో ఉన్నదాన్ని గాయంలోకే కక్కే ప్రమాదం ఉంది. సన్నగా ఉండే కొన దాని నోరు. దాని పక్కన చర్మాన్ని కాస్త సాగదీసి, గోరు అడ్డంగా జరిపితే పట్టు వదిలేస్తుంది. తర్వాత లావు కొన. జలగ లాలాజలంలోని హిరుడిన్ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. అందుకే తీసేశాక కూడా చాలాసేపు కారుతుంది, కంగారు పడకండి. సబ్బుతో కడిగి, దూది పెట్టి నొక్కి పట్టండి. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు మాత్రం వెళ్లేముందే వైద్యుణ్ని అడగాలి.

గోదావరిగట్టు:
మా తాత, మా నాన్న, నేను మూడు తరాలుగా ఉప్పే వాడాం. ఒక్కరికీ చీము పట్టలేదు. పొలంలో దిగనివాళ్లు చెబితే మేము నేర్చుకోవాలా?

తెల్లచీర:
మీ ఇంట్లో పట్టలేదు, సంతోషం. చీము పట్టినవాళ్లు మీ ఇంటికి రారు, మా దగ్గరికి వస్తారు. పుండు కడిగేది నేను. తొమ్మిదేళ్ల పిల్ల గురించి అడుగుతున్నారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఉప్పు కావాలంటే బూటు పైన, మేజోడు పైన రాసుకోండి. పట్టకముందు ఉప్పు మంచిదే.

మెట్టదారి:
గోరు పెట్టాలంటే దాన్ని ముట్టుకోవాలి కదా, నా భయమే అది. కూర్గులో మా గైడు ఏటీఎం కార్డు అంచుతో గీరి చూపించాడు. అప్పటినుంచి నా చొక్కా జేబులో పాత కార్డు ఒకటి ఉంటుంది. జలగ మేజోళ్లు కూడా కొనుక్కోండి. మోకాలి దాకా వస్తాయి, నేత దట్టంగా ఉంటుంది. ప్యాంటు వాటి లోపలికి దోపాలి. లేత రంగువి తీసుకుంటే పాకేది వెంటనే కనబడుతుంది.

మన్యంపాములు:
జలగల దగ్గరే ఆగిపోయారు. ఆవిడ అసలు భయం పాము. 16 ఏళ్లుగా పాడేరు, చింతపల్లి వైపు ఇళ్లలో దూరిన పాములు పట్టి అడవిలో వదులుతున్నాను. నా చేతుల మీదుగా 40కి పైగా గిరినాగులు, అంటే కింగ్ కోబ్రాలు, వెళ్లాయి. ఇక్కడ నాకంటే ఎక్కువ చూసినవాళ్లు ఉంటే చెప్పండి.
ఆగుంబె గిరినాగుల ఊరు. 2005లో పాముల నిపుణుడు రోములస్ విటేకర్ అక్కడ వర్షారణ్య పరిశోధన కేంద్రం పెట్టింది ఊరికే కాదు. గిరినాగు తినేది పాముల్నే. జెర్రిపోతు, త్రాచు, పింజర ఏది దొరికినా సరే. మనిషి జోలి దానికి అక్కర్లేదు, అలికిడికే తప్పుకుంటుంది. ఇంకో మాట కూడా తెలిసి ఉండాలి. మన ఆసుపత్రుల్లో ఉండే విరుగుడు మందు త్రాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటికే. గిరినాగు కాటుకు అది పని చేయదు.

శ్రావణమేఘం:
భయంతో నిద్ర పట్టడం లేదని ఒక తల్లి అడిగితే మందు లేదని చెబుతారా? 40 పాములు పట్టారు, ఒక మనిషితో ఎలా మాట్లాడాలో నేర్చుకోలేదు.

మన్యంపాములు:
ఉందని అబద్ధం చెప్పి పంపమంటారా? భయపడేవాళ్లకు అబద్ధం చెబితే మరుసటిసారి నిజం కూడా నమ్మరు. నాకు తెలిసి అక్కడ జాగ్రత్తపడాల్సింది గిరినాగుతో కాదు. ఎండుటాకుల్లో కలిసిపోయి పడుకునే, ముక్కు పైకి లేచిన మరో రకం పింజరతో. దానికీ మన మందు పనికిరాదు. దాని విషం మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. అది వెంటపడి కరవదు, తొక్కితే కరుస్తుంది. కాబట్టి టార్చి లేకుండా రాత్రి గడప దాటకండి, చీలమండ దాటే బూటు వేయండి, దుంగ దాటేముందు అవతల చూడండి. ఏది కరిచినా కోయకండి, పీల్చకండి, గట్టిగా కట్టకండి. కాలు కదలకుండా 108లోనో కారులోనో పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

పుస్తకాలపురుగు:
దాన్ని గిరినాగు అనేది ఉత్తరాంధ్రలో. పుస్తకాల్లో రాచనాగు. 2024లో శాస్త్రవేత్తలు రాచనాగును నాలుగు జాతులుగా విడదీశారు. పడమటి కనుమల్లోది వేరే జాతి, దానికి కన్నడ పేరు మీదుగా కాళింగ అని పెట్టారు. ఆగుంబెలో ఉన్నది గిరినాగు కాదు.

మన్యంపాములు:
పేరు మీరు పెట్టుకోండి. పడగ నాకు తెలుసు.

నిర్వాహకులు:
పాముల పేర్లకు వేరే చర్చ తెరవండి. ప్రాంతాన్ని కించపరిచిన రెండు పోస్టులు తీసేశాం.

క్లాంగ్‌తెలుగు:
మేము మలేషియాలో ఉంటాం. తమన్ నెగారా అడవికి కువాలా తెంబెలింగ్ నుంచి పడవలో వెళ్లాం. మా ఆవిడకు పాముల కంటే శబ్దాల భయం. చీకటి పడగానే కీచురాళ్లు రంపంతో కోసినట్టు మొదలుపెట్టాయి. ఆమె చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంది. మరునాడు సాయంత్రం గైడు మెట్ల మీద కూర్చోబెట్టి ఒక్కో శబ్దానికి టార్చి వేసి చూపించాడు: ఇది కీచురాయి, ఇది కప్ప, ఇది బల్లి. పేరు తెలిసిన శబ్దానికి ఆమె మళ్లీ లేవలేదు. పేరు తెలియని ఒకే ఒక్క కూతకు మాత్రం తెల్లవారుజామున నన్ను లేపింది.

మెట్టదారి:
తమిళనాడు కొండల్లోని వాల్పరైలో ఇవేమీ కాదు, ఏనుగులు. 40 మలుపుల ఘాటు ఎక్కాక తేయాకు తోటల మధ్య చీకటి. ఏనుగులు దగ్గర్లో ఉంటే ఎర్ర దీపాలు వెలుగుతాయి, అక్కడివాళ్ల ఫోన్లకు సందేశాలు వస్తాయి. ఆ దీపం చూసి మా డ్రైవరు మాట్లాడకుండా బండి ఆపేశాడు. 50 నిమిషాలు కూర్చున్నాం. ఏనుగు కనబడలేదు. వెదురు విరిగిన చప్పుడు మాత్రం వినబడింది.

గోదావరిగట్టు:
ఏనుగుకు కూడా గోరు పెట్టమంటారేమో అడగండి.

తెల్లచీర:
నేను ఈ చర్చలో ఇక రాయను.

కృష్ణాతీరం:
వెళ్లొచ్చాం. తెల్లచీర గారూ, మీరు రాయాలి. మీరు చెప్పిందే ఆదుకుంది.
మొదటి రాత్రి నేను పడుకోలేదు. గడియారం చూస్తూ మంచం మీద కూర్చున్నాను. రెండో సాయంత్రం ఇంటివాళ్ల గైడు మమ్మల్ని పెరటి దారిలో పది అడుగులు తీసుకెళ్లి టార్చి వేశాడు. నా భుజమంత ఎత్తులో తడి కొమ్మ మీద ఆకుపచ్చ పాము. మలబార్ పింజర అన్నాడు. దాని తల మీద ఒక చినుకు నిలిచి, నెమ్మదిగా కంటి పక్క నుంచి జారి కింద పడింది. అది కదలలేదు. నా కాళ్లు వణికాయి, పాప చెయ్యి గట్టిగా నలిపేశాను. “అమ్మా, నొప్పి” అంది పాప. అంతే, ఇంకే భయమూ దాని గొంతులో లేదు. మరునాడు అదే కొమ్మ మీద, అదే చుట్టలో ఉంది. మూడో రోజు సాయంత్రం ఇంకా ఉందా అని గైడును నేనే అడిగాను.
పాప మడమ పైన జలగ పట్టింది. మా వారు ఉప్పు తెమ్మన్నారు. నేను వద్దని కూర్చుని గోరుతో జరిపాను. నా చేత్తో నేను! రక్తం గంట దాటి కారింది, రెండు మేజోళ్లు తడిశాయి. చలిజ్వరం లేదు, చీము లేదు. మన్యంపాములు గారూ, నిజం చెప్పినందుకు మీ మీద ఆ రాత్రి కోపం వచ్చింది. మీరు చెప్పినట్టే టార్చి లేకుండా గడప దాటలేదు.

తెల్లచీర:
గంట మామూలేనమ్మా. దురద రెండు మూడు రోజులు ఉంటుంది, పాపను గోక్కోనివ్వకండి.

నెల్లూరువాన:
మేము సెప్టెంబరులో వెళ్తున్నాం. మీరు మొదట అడిగిన స్నానాల గది జాలీ సంగతి ఎవరూ చెప్పలేదు. ఉందా?

కృష్ణాతీరం:
మేమున్న ఇంట్లో లేదండీ. గాజు పలకల మధ్య రెండు వేళ్ల సందు ఉంది. పాత తువాలు కుక్కాను. ఆఖరి రోజు పొద్దున తీస్తే మడతలో బొటనవేలంత కప్ప కూర్చుని ఉంది. పాప దాన్ని బయట అరటాకు మీద వదిలి వచ్చింది. పాత తువాలు ఒకటి ఎక్కువ పెట్టుకోండి.