‘అపీజ్’ క్రియ: 1938కి ముందు, తరువాత

‘అపీజ్’ అన్న ఆంగ్ల క్రియకు ‘బెదిరించేవాడికి లొంగి, అడిగినది ఇచ్చి ఊరుకోబెట్టడం’ అన్న అర్థం మొదటినుంచీ స్థిరపడి ఉన్నదనీ, 1930లలో బ్రిటిష్ పత్రికలు అది తెలిసే దానిని వాడాయనీ ఒక మిత్రులు అభిప్రాయపడ్డారు. ఆనాటి వాక్యాలలో ఆ క్రియకు కర్మ ఏదో గమనిస్తూ చదివితే సంగతి వేరుగా కనిపిస్తుంది.

లాటిన్‌లో శాంతికి పేరైన ‘పాక్స్’ నుంచి, ప్రాచీన ఫ్రెంచి మీదుగా, ఈ మాట ఆంగ్లంలోకి వచ్చింది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో మూడు చోట్ల దీని వాడుక చూడండి. సామెతలు 15:18లో శాంతస్వభావుడు అపీజ్ చేసేది కలహాన్ని. ఎస్తేరు 2:1లో అపీజ్ అయినది అహష్వేరోషు రాజు ఆగ్రహం. ఆదికాండము 32:20లో మాత్రం యాకోబు, తనపై పగబట్టిన అన్న ఏశావును, ముందుగా పంపిన కానుకతో అపీజ్ చేయాలనుకుంటాడు. మనమైతే కలహాన్ని అణుస్తాం, కోపాన్ని చల్లారుస్తాం, మనిషిని మంచి చేసుకుంటాం. ఆంగ్లం ఈ మూడింటినీ ఒకే క్రియతో నెట్టుకొచ్చింది. కనుక కానుకిచ్చి మనిషిని చల్లబరచడమన్న ఛాయ పాతదే, కానీ అందులో నింద లేదు.

రెండు ప్రపంచ యుద్ధాల నడుమ రాజకీయ నాయకులూ, వారి ప్రసంగాలను అచ్చువేసిన పత్రికలూ ప్రధానంగా వాడుకున్నది మొదటి రెండు ఛాయలనే. 1921లో, తరువాతి కాలంలో ఈ విధానాన్ని గట్టిగా వ్యతిరేకించిన బ్రిటిష్ నాయకుడు చర్చిల్ అంతటివాడు యూరప్‌లోని భయంకర ద్వేషాలకు ‘అపీజ్‌మెంట్’ కావాలన్నాడు. 1936 మార్చి 7న జర్మన్ సేనలు, ఒప్పందాల ప్రకారం సైన్యం ఉండకూడని సరిహద్దు ప్రాంతం రైన్‌లాండ్‌లో ప్రవేశించిన తరువాత, అదే నెల 26న, బ్రిటిష్ విదేశాంగ మంత్రి ఆంథొనీ ఈడెన్ పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభలో, తమ దృష్టిలో సదా ఉన్నది యావత్ యూరప్ అపీజ్‌మెంటేనని చెప్పాడు. ఒకచోట కర్మ ద్వేషాలు, మరొకచోట ఒక ఖండం. వ్యక్తి ఎక్కడా లేడు.

క్రియ నామంగా మారినప్పుడు జరిగే నష్టాన్ని ఇక్కడ గుర్తించాలి. క్రియ ఉన్నచోట ఎవరు, ఎవరిని, ఏమిచ్చి అన్న ప్రశ్నలు వాటంతట అవే పుడతాయి. ‘అపీజ్‌మెంట్’ అని నామం చేసి శీర్షికలో పెడితే ఆ మూడూ జారిపోతాయి. 1938 సెప్టెంబరు 7న, జెఫ్రీ డాసన్ సంపాదకత్వంలోని ‘ది టైమ్స్’, జర్మన్లు అధికంగా ఉన్న సరిహద్దు ప్రాంతాన్ని వదులుకోవడం గురించి చెకోస్లొవాకియా ఆలోచించవచ్చునని సంపాదకీయం రాసింది. నెల తిరగకముందే, ఆ ప్రాంతాన్ని హిట్లర్ జర్మనీకి అప్పగిస్తూ బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ, జర్మనీల మధ్య మ్యూనిక్ ఒప్పందం కుదిరింది. ఆ చర్చల్లో చెక్ ప్రతినిధులకు చోటే లేదు. యాకోబు కానుకగా పంపినవి తన సొంత మేకలు, గొర్రెలు, ఒంటెలు. మ్యూనిక్‌లో ఇచ్చినది పరుల నేల. నా దృష్టిలో ఆ మాటకు మచ్చ తెచ్చిన అసలు కారణం ఇదే.

అయినా మచ్చ ఒక్క రోజులో పడలేదు. అక్టోబరు 3న, ఆ ఒప్పందం చేసుకున్న బ్రిటిష్ ప్రధాని చాంబర్లేన్ కామన్స్‌లో అపీజ్‌మెంట్‌కు చేర్చే దారి సుదీర్ఘమైనదనీ, అడ్డంకులతో నిండినదనీ చెప్పినప్పుడు, దానిని ఇంకా ఆశయంగానే పలికాడు. 1939 మార్చి 15న జర్మన్ సేనలు చెకోస్లొవాకియా రాజధాని ప్రేగ్‌లో అడుగుపెట్టాక ఆ అర్థం నిలబడలేకపోయింది. అప్పటినుంచి క్రియకు కర్మగా స్థిరపడినవారు నియంతలు. ‘అపీజర్’ అనడం నేరుగా తిట్టడమే అయింది.

ఇదే సందర్భంలో, అపీజర్ అంటే మొసలికి మేత వేసేవాడని చర్చిల్ అన్నట్టు తిరుగుతున్న వాక్యాన్ని కూడా సరిచూసుకోవాలి. 1940 జనవరి 20న రేడియో ప్రసంగంలో, తటస్థ దేశాలను ఉద్దేశించి ఆయన అన్నది, మొసలిని తగినంత మేపితే అది తమను చివరగా తింటుందని ప్రతి దేశమూ ఆశపడుతోందని. ‘అపీజర్’ అన్న మాట ఆ వాక్యంలో లేదు.

అనువాదకులకు ఇందులో ఒక ఆచరణ చిక్కుంది. ఈడెన్ 1936 నాటి మాటను ‘బుజ్జగింపు’ అని తెనిగిస్తే, ఆయన అప్పటికి అనని నిందను ఆయన నోట పెట్టినట్టవుతుంది. అక్కడ ‘యూరప్‌లో ఉద్రిక్తతలను చల్లార్చడం’ అనాలి. 1939 వేసవి తరువాతి వాక్యాలలో ‘బుజ్జగింపు’ నిస్సంకోచంగా వాడవచ్చు. మ్యూనిక్‌కూ ప్రేగ్ ఆక్రమణకూ మధ్యనున్న ఆరు నెలల రాతల్లో మాత్రం, రాసినవారు ఏ పక్షమో చూసి, వాక్యం వాక్యానికీ విడిగా నిర్ణయించుకోవలసిందే.