పాప ఫిగర్ స్కేటింగ్ పోటీలకి సిద్ధమవుతోంది: ఖర్చు, చదువు, చిన్నాడి సంగతి ఎలా?

ఫ్రిస్కో నాన్న: పాపకి తొమ్మిదేళ్లు. సింగిల్ యాక్సెల్ జంపు (గాల్లో ఒకటిన్నర చుట్టు) వచ్చేసింది. ఇక వారానికి ఐదు రోజులు ఐస్ మీద ఉండాలంటున్నారు కోచ్. ఐస్ టైమ్, లెసన్ ఫీజు కాక పోటీలకి ఇంకేం పడతాయి? హోమ్‌స్కూలింగ్ చేయిస్తున్నవాళ్లున్నారా? చిన్నాడిని ఎవరు చూసుకుంటున్నారు? బూట్లు మాత్రం, కాలు పెరుగుతుంది కదాని, ఒక సైజు పెద్దవే కొన్నాం.

ఎడిసన్ అమ్మ: పోటీకి వెళ్తే మన టికెట్లూ హోటలే కాదండీ, కోచ్ ప్రయాణం, బస కూడా పిల్లలందరి మీద పంచుతారు. కొరియోగ్రఫీకి వేరే. డ్రెస్సు రాళ్లు నేనే అంటిస్తాను, రాత్రి అందరూ పడుకున్నాక, పట్టకారుతో ఒక్కొక్కటీ. ఇవన్నీ లెక్క రాసుకోవచ్చు. నేను మానేసిన ఉద్యోగం ఏ లెక్కలో రాయాలి? ఇండియాకి ఫోన్ చేస్తే "ఇంట్లో ఖాళీయేగా" అంటారు. తెల్లారకముందే రింకు దగ్గర ఉంటాను నేను!

సానరాయి: సైజు పెద్ద బూట్లా? ముందు అవి తీసేయండి. ఏళ్ల తరబడి బ్లేడ్లు సానపెడుతున్నవాడిగా చెప్తున్నా. బ్లేడు అడుగున గాడి ఉంటుంది, దానికి అటూ ఇటూ రెండు అంచులు. మడమ బూటులో ఆడితే ఏ అంచు మీద ఉందో పిల్లకే తెలీదు. దిగేటప్పుడు చీలమండ తిరుగుతుంది.

డాలస్ బాబాయ్: మీ దుకాణం నడవాలి కాబట్టి అలాగే చెప్తారు. అమెరికా స్కేటర్ నాథన్ చెన్ చిన్నప్పుడు వేసుకున్నవి వాళ్లక్క పాత తెల్ల బూట్లే. 2022లో బీజింగ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం కొట్టలేదా?

సానరాయి: నేను బూట్లు అమ్మను. ఆ మాట వెనక్కి తీసుకోండి. అవి మూడేళ్ల పిల్లాడు నిలబడటం నేర్చుకునేటప్పటివి. ఈ పాప గాల్లో ఒకటిన్నర చుట్టు తిరిగి ఒంటికాలి మీద దిగుతోంది. పాత బూట్లు కొనండి, చీలమండ దగ్గర మెత్తబడకుండా ఉంటే చాలు. పాతవి వేరు, పెద్దవి వేరు.

డాలస్ బాబాయ్: నెలల్లోనే కాలు పెరిగిపోతే ప్రతిసారీ కొత్తవి కొనే స్తోమత అందరికీ ఉండదు. అదే నా బాధ.

రెండో బిడ్డ: చిన్నాడి గురించి అడిగితే ఒక్కరూ పలకలేదు. మా ఇంట్లో ఆ చిన్నదాన్ని నేనే. హోంవర్కంతా రింకు లాబీలో, చేతులకి గ్లవ్స్‌తో. కోచ్ కోసం అమ్మా అక్కా వేరే ఊరెళ్లారు, నేనూ నాన్నా ఉండిపోయాం. నా జడ నాన్న వేసేవారు. అక్క అంటే నాకు ప్రాణం. కానీ ఆ ఇంట్లో నువ్వేం చేస్తావని నన్ను అడిగినవాళ్లు లేరు.

కొలరాడో పిన్ని: బాధగానే ఉందమ్మా. కానీ విడిపోకుండా కుదరదు. అమెరికా స్కేటర్ తారా లిపిన్‌స్కీ తండ్రి ఉద్యోగం కోసం టెక్సస్‌లో ఉండిపోయారు, తల్లీ కూతుళ్లు డెలవేర్, ఆ తర్వాత డెట్రాయిట్. 15 ఏళ్లకే 1998 నగానో ఒలింపిక్స్ స్వర్ణం.

రెండో బిడ్డ: గెలిచినవాళ్ల పేర్లే చెప్తారు పిన్నీ. మా అక్క డబుల్ యాక్సెల్ దగ్గర ఆగిపోయింది. తుంటి నొప్పి ఇప్పటికీ ఉంది.

ఎడిసన్ అమ్మ: 15 ఏళ్ల మాట ఇప్పుడెందుకు? 2024-25 సీజన్ నుంచి అంతర్జాతీయ సీనియర్ పోటీలకి కనీస వయసు 17. తొమ్మిదేళ్లకే స్కూలు మాన్పించే తొందరేమొచ్చింది?

కొలరాడో పిన్ని: వయసు పెంచితే ఒళ్లు ఆగుతుందా? ఎదిగే వయసులో జంపులు చేజారిపోతాయి, అంతకు ముందే పట్టు చిక్కాలి. మా అమ్మాయిది ఆన్‌లైన్ స్కూలే, మార్కులేం తగ్గలేదు.

విశాఖ చక్రాలు: మీకు ఐస్ అయినా ఉంది. మా వాడిది ఆర్టిస్టిక్ రోలర్. అవే జంపులు, అవే స్పిన్లు, చక్రాల మీద. వానొస్తే ఆ రోజుకి ప్రాక్టీసు లేనట్టే. మన హైదరాబాద్ అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు తెచ్చాడు, 2015లో అర్జున అవార్డు. అయినా స్కేటింగ్ అంటే సెలవుల్లో కాలక్షేపం అనుకునేవాళ్లే ఎక్కువ. ఇక్కడ మంచి చక్రాలు ఎవరి దగ్గర దొరుకుతాయో తెలిస్తే చెప్పండి.

ఫ్రిస్కో నాన్న: బూట్లు రేపే మార్పిస్తాను. సానరాయి గారూ, పాత బ్లేడ్లు కొత్త బూట్లకి బిగించవచ్చా?

సానరాయి: బూటు పొడవుకి సరిపోతే బిగించవచ్చు. ముందు అన్ని మరలూ వేసేయనివ్వకండి. పాప ఐస్ మీద తిరిగి చూశాక, ఒక పక్కకి లాగకపోతే మిగతావి వేయించండి.