కుందేటికి మూడే కాళ్లు: పట్టినదా, వండినదా?

దేవరకొండ:
మొన్న ఇంట్లో కుందేలు వండాం. పెంపకం కుందేలే. అడవి కుందేలును పట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కాబట్టి చర్చ అటు పోవద్దని ముందే చెప్తున్నా. వడ్డించేటప్పుడు మా మామ గిన్నెలో గరిటె తిప్పి చూసి, “తాను వండిన కుందేటికి మూడే కాళ్లు” అన్నాడు. నేను విన్నదీ చదివిందీ “తాను పట్టిన”. వాళ్ల తాత కూడా “వండిన” అనే అనేవాడని మామ గట్టిగా చెప్తున్నాడు. అప్పటి నుంచి ఆ మాట బుర్రలోంచి పోవడం లేదు. మన దిక్కు ఇంకెవరైనా “వండిన” విన్నారా? ఏది పాతది?

వనపర్తి:
“పట్టిన” అన్నదే సరి. సామెత ప్రాణమంతా ఆ మాటలోనే ఉంది. పట్టడమంటే వేట, పట్టు అంటే మొండితనం. పట్టిన పట్టు విడవడు అన్నప్పుడు వచ్చే పట్టే ఇది. “వండిన” అంటే ఆ శ్లేష పోయి ఒట్టి వంటింటి మాట మిగులుతుంది.

మిర్యాలగూడ:
అన్నా, కథ వంటవాడిదే కదా! వండుతూ వండుతూ ఒక తొడ తినేసి, అడిగితే ఈ కుందేటికి మూడే కాళ్లని దబాయిస్తాడు. కాలు పోయింది పొయ్యి దగ్గర. పట్టి తెచ్చిననాడు నాలుగూ ఉన్నాయి. పట్టినవాడికి అబద్ధమాడే అవసరం ఏమొచ్చింది? మామ చెప్పిందే కథకు అతుకుతుంది.

వనపర్తి:
తమ్మీ, సామెత ముందు పుడుతుంది, దానికి అర్థం చెప్పడానికి కథ తర్వాత వస్తుంది. కథను చూసి సామెతను దిద్దితే ఎట్లా?

నాగర్‌కర్నూల్:
పట్టిన, వండిన రెండూ భగణాలే (ఒక గురువు, రెండు లఘువులు), కాబట్టి నడకను బట్టి తేలదు. చెవిని అడిగినా అంతే. “పట్టిన”లో ట్ట “కుందేటి”లోని టకు జవాబు చెప్తుంది. “వండిన”లో సున్న మీది డ “కుందే”లోని సున్న మీది దకు జవాబు చెప్తుంది. నాకు వీటికన్నా ఆ “టి” మీద ఆసక్తి. రోజూ “కుందేలుకు గడ్డి వెయ్యి” అనేవాళ్లు కూడా సామెత దగ్గరికి వచ్చేసరికి “కుందేటికి” అంటారు. ఆ టి ఎలా నిలబడింది?

అచ్చంపేట:
సార్, మా నల్లమల అంచు ఊళ్లల్లో కుందేలు అన్న మాటే తక్కువ. మాకు అది చెవులపిల్లి. “తా పట్టిన చెవులపిల్లికి మూడే కాళ్లు” అంటుంది మా పెద్దమ్మ. కుందేటికి అన్నది బడి పుస్తకం నుంచి దిగిన రూపమని నా నమ్మకం.

నాగర్‌కర్నూల్:
పుస్తకం మాట అని తోసెయ్యలేం. రోలు రోటి అవుతుంది, పగలు పగటి అవుతుంది, నాగలి నాగటి అవుతుంది, మొదలు మొదటి అవుతుంది. బడి మొహం చూడని రైతు కూడా నాగటి చాలు అనే అంటాడు. రోలు పచ్చడి అని ఎవరమూ అనం. వ్యాకరణకర్త చిన్నయసూరి చెప్పిన ఇ, టి, తి ఔపవిభక్తికాల్లో, అంటే విభక్తి చేరేముందు మాట చివర వచ్చే అక్షరాల్లో, ఈ టి ఒకటి. కుందేలు ఆ వరసలోది. వేలు, కాలు మాత్రం వేలి, కాలి అయ్యాయి. “కుందేటి కాలికి” అని చూడండి, రెండు లు శబ్దాలు రెండు దార్లు పట్టాయి.

నకిరేకల్:
మరి “తిరిగి కుందేటి కొమ్ము సాధింపవచ్చు” సంగతి? మా బడిలో సార్ “కుందేలి కొమ్ము” అని చదివించేవారు. మాకు అలాగే నోటికి వచ్చింది.

నాగర్‌కర్నూల్:
భర్తృహరి శ్లోకానికి ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగు పద్యంలో కుందేటి కొమ్మే. ఛందస్సు మాత్రం సాక్ష్యం చెప్పదు మేడం. అది తేటగీతి, ఆ చోట తగణం (రెండు గురువులు, ఒక లఘువు). టి అన్నా లి అన్నా లఘువే. అందుకే తరగతిలో తేడా ఎవరికీ చెవిన పడలేదు.

వనపర్తి:
ఆ పాదంలో టి కన్నా “తిరిగి” దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. “మళ్లీ కుందేటి కొమ్ము సాధించవచ్చు” అని అర్థం చెప్పేవాళ్లను విన్నాను. భర్తృహరి శ్లోకంలో అక్కడున్నది “పర్యటన్”. అంటే దేశాలు పట్టి తిరిగి. లక్ష్మణకవి నాలుగు పాదాలూ ప్రయత్నంతోనే ఎత్తుకున్నాడు: తివిరి, తవిలి, తిరిగి, చేరి. ఒక్కో పాదానికి ఒక్కో పాటు. మూడోదాన్ని “మళ్లీ” చేస్తే ఆ వరసే చెడిపోతుంది.

కొల్లాపూర్:
భర్తృహరి అనగానే అందరూ లక్ష్మణకవి దగ్గరే ఆగిపోతారు. గోదావరి కవి, గొప్పవాడే, కాదనను. కానీ ఆయనకు ముందే మన జటప్రోలు సంస్థానంలో ఎలకూచి బాలసరస్వతి సుభాషితాలు మూడు శతకాలూ తెలుగు చేశాడు. మల్లభూపాలీయం. ప్రతి పద్యమూ “సురభిమల్లా!” అని ప్రభువును పిలుస్తూ ముగుస్తుంది. నీతి శతకంలో “నీతివాచస్పతీ”, శృంగారంలో “మానినీమన్మథా”, వైరాగ్యంలో “వైదుషీభూషణా”. ఒకే మనిషిని మూడు శతకాల్లో మూడు రకాలుగా పిలవడం చూడండి! రాఘవయాదవపాండవీయం రాసి ఒకే పద్యంలో మూడు కథలు నడిపినవాడు ఆయన. లక్ష్మణకవి పద్యం నాలుక మీద సులువుగా తిరుగుతుంది కాబట్టి బడికి చేరింది. బాలసరస్వతి పద్యంలో చివరి పాదం సగానికి పైగా మకుటమే ఆక్రమించేస్తుందని అంటారు కానీ, మిగిలిన చోటులో భావాన్ని ఎలా కుదించాడో చూస్తే తెలుస్తుంది ఆయన చెయ్యి. సొంత జిల్లా కవిని మనమే చదవకపోతే ఇంకెవరు చదువుతారు?

మిర్యాలగూడ:
అన్నా, కుందేటి కొమ్ము ఆయన ఎలా తెలుగు చేశాడో పద్యం పెట్టండి.

కొల్లాపూర్:
పుస్తకం ఊళ్లో ఉంది. తెప్పించి పెడతా.

అచ్చంపేట:
నాకు ఇంకొకటి తోచింది. శ్లోకంలో కుందేలుకు లేని కొమ్ము ఉంది. సామెతలో ఉన్న కాలు లేదు. రెండు చోట్లా మాట్లాడేది మూర్ఖపు పట్టుదల గురించే. అంటే మొండివాడి పక్కన కుందేలును నిలబెట్టడం పాత అలవాటే. ఆ లెక్కన వనపర్తి అన్న “పట్టు” అర్థానికి నేను కూడా మొగ్గుతున్నా.

నకిరేకల్:
దేవరకొండ తమ్ముడూ, ఇంతకీ కూర ఎట్లా వండారు? మేము ఒకసారి వండితే నారలు నారలుగా, ఎండిపోయినట్టు వచ్చింది.

దేవరకొండ:
అక్కా, పెంపకం కుందేలు మాంసం తెల్లగా కోడిమాంసంలా ఉంటుంది, కొవ్వు చాలా తక్కువ. మంట పెద్దదైతే ఎండిపోతుంది. ఎముకలు సన్నం. కత్తితో అడ్డంగా కొడితే చీలి సన్న ముక్కలు కూరలో కలుస్తాయి. అందుకే కీళ్ల దగ్గర విడదీశాం. వెనక తొడలు రెండు, ముందు కాళ్లు రెండు, నడుము మూడు తునకలు, పక్కటెముకలు. నడుము మీద పల్చటి తెల్ల పొర ఉంటుంది, అది ఉడికితే ముడుచుకుపోయి తునకను లాగేస్తుంది. మొన కత్తి దూర్చి లాగేశాం. పెరుగు, పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లి పట్టించి కొన్ని గంటలు ఉంచాం. పల్లి నూనె మామూలుకన్నా ఎక్కువే పోసి, ఉల్లిగడ్డ వేగాక తునకలు వేసి, మూత పెట్టి చిన్న మంట మీద ముప్పావు గంట. ధనియాలు, ఎండు కొబ్బరి, గసగసాలు రోట్లో నూరి చివర్లో కలిపాం. జొన్న రొట్టెతో తిన్నాం.

మిర్యాలగూడ:
ఇదిగో, ఇక్కడే దొరికింది! తునకలు చిన్నగా కొట్టి ఉంటే ఎన్ని కాళ్లో ఎవరికి తెలుస్తుంది? అడిగేవాడు కాళ్లు లెక్కపెట్టాడంటే కాళ్లు కాళ్లుగానే వడ్డించారన్నమాట. లేదంటే మొత్తం కుందేలును నిప్పుల మీద కాల్చి పెట్టారు. అప్పుడు మొదటి రూపం “తాను కాల్చిన కుందేటికి మూడే కాళ్లు” ఎందుకు కాకూడదు? కాల్చిన కూడా భగణమే. కా, కుం, కా అని మూడు కకారాలు కూడా పలుకుతాయి.

వనపర్తి:
బాగుంది, కానీ ఎవరి నోటైనా విన్నావా? కుదిరే మాట వేరు, జనం అన్న మాట వేరు. “వండిన”కు కనీసం ఒక మామ, ఒక తాత ఉన్నారు. “కాల్చిన”కు ఎవరున్నారు?

నాగర్‌కర్నూల్:
ఆ ప్రశ్న “పట్టిన”కు కూడా వర్తిస్తుంది వనపర్తి గారూ. మనలో ఎంతమంది దాన్ని ఇంట్లో విన్నారు, ఎంతమంది బడిలో చదివారు? నిజంగా ఇంట్లో విన్నది అచ్చంపేట పెద్దమ్మ మాట ఒక్కటే తేలింది. అందులో కుందేలే లేదు.

వనపర్తి:
కుందేలు లేకపోయినా “పట్టిన” ఉంది కదా సార్. నేను అదే అంటున్నా.

దేవరకొండ:
మామను మళ్లీ అడిగా. వాళ్ల తాత “కుందేటికి” అనేవాడో “కుందేలుకు” అనేవాడో గుర్తు లేదట. “వండిన” మాత్రం ఖాయమంటున్నాడు. మక్తల్, గద్వాల వైపు వాళ్లు ఎవరైనా ఉంటే మీ ఇళ్లల్లో పెద్దవాళ్లు ఏమంటారో అడిగి రాయండి. పుస్తకంలో ఉన్నది వద్దు, నోట్లో ఉన్నది కావాలి.