అప్‌డేట్: రోగనిరోధక కణాల్లో ప్రియాన్ ప్రోటీన్ పని ఏమిటి?

ప్రియాన్ ప్రోటీన్ లేని ఎలుకలు మామూలుగానే పెరుగుతున్నప్పుడు, రోగనిరోధక కణాలు దానిని తమ పైపొర మీద ఎందుకు మోస్తున్నాయని ఇంతకుముందు అడిగాను. మీరు సూచించినవి చదివాక నా అభిప్రాయం చాలా మారింది.

ప్రియాన్ వ్యాధులు అనే మెదడు జబ్బులకు కారణం ఈ ప్రోటీన్ వికృత రూపం. సహజ రూపం టీ కణాల (ఒక రకం తెల్ల రక్తకణాల) పొరకు కొవ్వు లంగరుతో అతుక్కుని ఉంటుంది. కణం ఉత్తేజితమైతే పొర మీద ఈ ప్రోటీన్ మోతాదు పెరుగుతుంది.

నన్ను నిలిపి ఆలోచింపజేసింది మాక్రోఫేజ్‌ల (మృతకణాలను, క్రిములను మింగే రోగనిరోధక కణాల) విషయం. ఈ ప్రోటీన్ లేని ఎలుకల్లో అవి మృతకణాలను ఎక్కువగా మింగడం చూసి, మింగడాన్ని అదుపు చేసేది ఇదేనని కొందరు పరిశోధకులు భావించారు. కానీ ఈ ప్రోటీన్ జన్యువును తొలగించిన ఎలుకల్లో, దాని సమీపంలోని, మింగడాన్ని నియంత్రించే సిర్ప్-ఆల్ఫా జన్యువు వేరే ఎలుక వంశానికి చెందిన రూపంలో వెంట వచ్చిందని, తేడాకు అసలు కారణం అదేనని 2013లో తేలింది. ఇంత చిన్న పొరపాటు ఎంత దూరం తీసుకుపోయిందో చూస్తే బాధ కలిగింది. అందుకే నా నోట్సులో, ఒకే వంశపు ఎలుకల్లో నిర్ధారణ కాని ఫలితాలన్నిటినీ ప్రస్తుతానికి పక్కన పెట్టాను.

ప్లీహంలోని ఫాలిక్యులర్ డెండ్రైటిక్ కణాల (బయటి పదార్థాలను పట్టి ఇతర రోగనిరోధక కణాలకు చూపే కణాల) మీద ఈ ప్రోటీన్ సమృద్ధిగా ఉంటుందని, వికృత ప్రియాన్లు మెదడుకు చేరకముందే అక్కడ పోగుపడగలవని చెప్పినవారికి ప్రత్యేక కృతజ్ఞతలు.