స్క్రోల్ లాక్ చూసి ఆగే బ్యాచ్ ఫైలు: ఎవరైనా వాడారా?

రాత్రిలెక్క: దుకాణం మూసే ముందు ఒక బ్యాచ్ ఫైలు (కమాండ్లను వరసగా నడిపే ఫైలు) బిల్లుల ఫోల్డర్లను ఒక్కొక్కటిగా బయటి డిస్కులోకి నకలు చేస్తుంది. తొందరలో కంట్రోల్ సి నొక్కితే నకలు మధ్యలో తెగిపోతోంది. నిన్న ఒక ఫైలు అలాగే పాడైంది. ‘చేతిలో ఉన్నది ముగించి ఆగు’ అని దానికి చెప్పడం ఎలా?

పాతకాపు: డాస్ రోజుల్లో నేను స్క్రోల్ లాక్‌ను దీనికే వాడేవాణ్ణి. ఆ కీ వెలిగి ఉంటే, చేతిలో ఉన్న నకలు ముగిశాక బ్యాచ్ ఫైలు ఆగేది. మెమరీలో 0040:0017 చిరునామాలోని బైటులో స్క్రోల్ లాక్ విలువ 16, నమ్ లాక్ 32, క్యాప్స్ లాక్ 64. ఆ బైటు చదివి ఎర్రర్‌లెవెల్‌గా (ప్రోగ్రాము ముగిసేటప్పుడు బ్యాచ్ ఫైలుకు అందించే సంఖ్య) తిరిగిచ్చే కామ్ ఫైలును, అంటే చిన్న డాస్ ప్రోగ్రామును, డీబగ్‌లో రాసుకున్నాను. మొత్తం 14 బైట్లే! 64 బిట్ల విండోస్‌లో అది నడవదు లెండి.

సందేహి: షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే చాలదా?

పాతకాపు: ఫైలు అడిగే క్షణానికి వేలు కీ మీదే ఉండాలి కదండీ. లాక్ కీ అయితే నొక్కేసి షట్టరు దించుకోవచ్చు.

నీలితెర: ఇప్పుడు విండోస్‌లో కమాండ్లు నడిపే పవర్‌షెల్‌ను అడగాలి. కన్సోల్ క్లాసులో క్యాప్స్ లాక్, నమ్ లాక్ స్థితులు దొరుకుతాయి. స్క్రోల్ లాక్ కోసం విండోస్ ఫారమ్స్ లైబ్రరీని లోడ్ చేసి, అందులోని ఈజ్‌కీలాక్డ్‌ను పిలవాలి. కీ వెలిగి ఉంటే 1, లేకపోతే 0 ఎర్రర్‌లెవెల్‌గా తిరిగివ్వమనండి. పవర్‌షెల్ తెరుచుకోవడానికి కాస్త సమయం పడుతుంది, కాబట్టి ఫైలు ఫైలుకూ కాకుండా ఫోల్డరుకు ఒకసారి అడగండి.

రాత్రిలెక్క: పెట్టాను. కానీ కీ నొక్కినా నొక్కకపోయినా నకలు సాగుతూనే ఉంది. ‘ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 0’ అయితే తర్వాతి ఫోల్డరుకు వెళ్లమని రాశాను.

పాతకాపు: అక్కడే తప్పు. ‘ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 0’ అంటే సున్నా గానీ అంతకు ఎక్కువ గానీ అని అర్థం. ముందు 1 ఉందా అని చూసి, ఉంటే ఆపండి. ఈ దెబ్బ తినని వాళ్లు తక్కువ.

సందేహి: నా ల్యాప్‌టాప్‌లో ఆ కీయే లేదు.

నీలితెర: తెర మీది కీబోర్డులో ఉంటుంది. లేదా ‘ఆపు’ అనే ఖాళీ ఫైలు కనిపిస్తే ఆగమని ‘ఇఫ్ ఎగ్జిస్ట్’తో రాయండి. టాస్క్ షెడ్యూలర్‌లో ఎవరూ లాగిన్ కాకుండా నడిచే పనికి ఇదే దారి, మీరు నొక్కిన కీ దానికి కనిపించదు.

రాత్రిలెక్క: రెండు రాత్రులుగా చక్కగా ఆగుతోంది. ఈ ఉదయం మాత్రం మా గుమాస్తా ఎక్సెల్ పాడైందని గోల పెట్టాడు. బాణం కీలు నొక్కితే గడి మారకుండా షీటంతా జరుగుతోందట. చూస్తే స్క్రోల్ లాక్ దీపం వెలుగుతూ ఉంది. రాత్రి నేను ఆర్పడం మరిచాను.